నెలనెలా కట్టే చందాల్లో ఏవి ఉంచుకోవాలి? టోల్ పాస్ నుంచి ఆటోపే దాకా

2025 ఆగస్టు 15న తిరుపతి జనానికి ఒకేరోజు మూడు మార్పులు ఎదురయ్యాయి. జాతీయ రహదారుల మీద సొంత కార్లకు ఫాస్టాగ్ వార్షిక పాస్ మొదలైంది. అలిపిరి దగ్గర తిరుమలకు వెళ్లే వాహనాలకు ఫాస్టాగ్‌ను టీటీడీ తప్పనిసరి చేసింది. రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ‘స్త్రీశక్తి’ పేరుతో ఉచిత ప్రయాణం అమల్లోకి వచ్చింది. దాంతో చాలా ఇళ్లలో అనుమానాలు మొదలయ్యాయి. మూడు వేలు పెట్టి పాస్ కొంటే అలిపిరిలో కూడా పనిచేస్తుందా? పనిచేయదు. అలిపిరి రుసుము టీటీడీది, పాస్ జాతీయ రహదారులది. పాస్ ఉన్నా అక్కడ ఫాస్టాగ్ బ్యాలెన్స్‌లోంచి డబ్బు పోవాల్సిందే. మరి పల్లె నుంచి తిరుపతికి రోజూ ఉద్యోగానికి వచ్చే అమ్మాయి నెలనెలా కొనే బస్ పాస్ మాట? ఆ బస్సులకైతే ఇక దాని అవసరమే లేదు.

గమనిస్తే ఈ బస్ పాస్ ఏమీ చెడిపోలేదు. ధర మారలేదు, వాడకమూ తగ్గలేదు. అయినా ఒక్క రాత్రిలో విలువ పోయింది, ఎందుకంటే పాస్ లేకుండా వెళ్లడానికయ్యే ఖర్చు సున్నా అయింది. ఏ చందా సంగతైనా ఇంతే. ‘ఎంత కడుతున్నాం, ఎంత వాడుతున్నాం’ అని అందరూ చూస్తారు. మూడో అంకె ఒకటుంది, అదే అసలైంది: ఈ చందా లేకపోతే ఎంత కట్టేవాళ్లం?

దేనికి కడుతున్నామన్నదాన్ని బట్టి నాలుగు రకాలు

అన్నిటినీ ‘సబ్‌స్క్రిప్షన్’ అని ఒకే గాటన కట్టడం వల్లే సగం గందరగోళం. కొన్నిట్లో మనం కొనేది ప్రవేశం: ఓటీటీ, జిమ్, ఇంటికొచ్చే దినపత్రిక. కొన్నిట్లో కొనేది తగ్గింపు: టోల్ పాస్, ఆహారం తెప్పించుకునే యాప్‌లలో ‘ఉచిత డెలివరీ’ సభ్యత్వం. మరికొన్నిట్లో కొనేది భరోసా: ఆరోగ్య బీమా, వాటర్ ప్యూరిఫయర్‌కు కట్టే ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం). నాలుగోది మద్దతు. టీటీడీ మాసపత్రిక ‘సప్తగిరి’కి ఏళ్ల తరబడి చందా కడుతున్న పెద్దాయనను ‘నెలకు ఎన్ని పేజీలు చదివారు?’ అని అడగడం అర్థంలేని పని.

ఒక రకానికి పనికొచ్చే కొలత ఇంకోదానికి పనికిరాదు. ఈ ఏడాది ఆసుపత్రికి పోలేదు కాబట్టి బీమా దండగ అనేవాళ్లూ ఉన్నారు. ‘డబ్బు కట్టాం కదా’ అని ఇష్టంలేని సిరీస్‌ను అర్ధరాత్రి దాకా చూసేవాళ్లూ ఉన్నారు. ఇద్దరిదీ ఒకే పొరపాటు, కొలబద్ద తారుమారైంది.

టోల్ పాస్: ఒకే అంకె, మూడు రకాల జవాబులు

తగ్గింపు కొనే రకంలో లెక్క తేటగా ఉంటుంది కాబట్టి అక్కడ మొదలుపెడదాం. వార్షిక పాస్ మొదలైనప్పుడు రుసుము 3,000 రూపాయలు. ఏడాది గడువు లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. మామూలు టోల్‌గేట్ల దగ్గర ఒక గేటు దాటితే ఒక ట్రిప్పు. సొంత కారు, జీపు, వ్యాన్‌లకే ఇస్తారు. ఏ బండి పేరున తీసుకుంటే దానికే. రాష్ట్ర రహదారుల మీద చెల్లదు.

3,000ను 200తో భాగిస్తే ట్రిప్పుకు 15 రూపాయలు. ప్రచారంలో కనిపించేది ఈ అంకే. కానీ ఆ 15 రూపాయలు పడేది 200 ట్రిప్పులూ పూర్తి చేసినవాళ్లకు మాత్రమే.

తిరుపతిలో ఉండి, కొడుకు ఉద్యోగం చేసే బెంగళూరుకు కారులో వెళ్లొచ్చే దంపతులనుకుందాం. గాదంకి, మహాసముద్రం మొదలుకొని దారిలో నాలుగు గేట్లు, సగటున ఒక్కోదానికి 85 రూపాయలు అనుకుందాం. రెండు మూడు రోజులుండి వస్తే రానూపోనూ ఎనిమిది సార్లు దాటుతారు, 680 అవుతుంది. ఏడాదికి ఆరుసార్లు వెళ్తే 4,080. పాస్ తీసుకుంటే 1,080 మిగులుతుంది. బాగానే ఉంది.

అదే దంపతులు పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చే రకమైతే? 24 గంటల్లోపు తిరుగు ప్రయాణమైతే రెండువైపులకూ కలిపి ఒకవైపు రుసుముకు ఒకటిన్నర రెట్లే పడుతుంది. అంటే 680 కాదు, 510. ఆరు ప్రయాణాలకు 3,060. పాస్ వల్ల మిగిలేది అరవై రూపాయలు. ఇక సంక్రాంతికి, వేసవిలో, దసరాకు మూడుసార్లే వెళ్లి కొన్నాళ్లు ఉండి వచ్చేవాళ్లకు పాస్ లేకుండా అయ్యేది 2,040. వాళ్లు పాస్ కొంటే 960 నష్టం.

రోజూ టోల్ దాటి ఉద్యోగానికి పోయేవాళ్లకు పాస్ కళ్లు మూసుకుని కొనొచ్చు అనిపిస్తుంది. ఇక్కడే చిక్కుంది. రోజుకు రెండుసార్లు దాటితే 200 ట్రిప్పులు వంద పనిదినాల్లో, అంటే దాదాపు నాలుగు నెలల్లో అయిపోతాయి. నెలకు 750 పడినట్టు. గేటుకు 20 కిలోమీటర్ల లోపు నివాసముండేవాళ్ల సొంత వాహనాలకు స్థానికుల నెలవారీ పాస్ వేరే ఉంది. 2025-26లో అది నెలకు 350 రూపాయలు. ఎక్కువగా వాడేవాడికి చౌకగా పడేది ఎక్కువగా ప్రచారమైన పాస్ కాదు, నోటీసు బోర్డు మీద మూలన ఉన్న పాస్. వేరే ఊరి గేటు దగ్గరున్న బంధువు చెప్పిన సలహా మనకు సరిపోకపోవడానికి కారణం ఇదే.

రుసుములు మారితే పై లెక్కలో అంకెలు మారతాయి, లెక్క చేసే పద్ధతి మారదు.

వాడకాన్ని మనమే ఎక్కువ వేసుకుంటాం

టోల్ ప్రయాణాలను ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ చూసి లెక్కపెట్టొచ్చు. జిమ్‌కు వచ్చే ఏడాది ఎన్నిసార్లు వెళ్తామో ఏ స్టేట్‌మెంట్లోనూ ఉండదు. అమెరికాలో స్టెఫానో డెల్లావిన్యా, ఉల్రికె మాల్మెండియర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు మూడు జిమ్‌లలో ఏడు వేలమందికి పైగా సభ్యుల హాజరును పరిశీలించి 2006లో ఫలితాలు ప్రచురించారు. నెలకు 70 డాలర్లకు పైగా కట్టే సభ్యులు సగటున నెలకు 4.3 సార్లే వచ్చారు. అంటే వచ్చినప్పుడల్లా 17 డాలర్లకు పైగా పడింది. అదే జిమ్‌లో పది డాలర్లకు ఒకసారి చొప్పున వెళ్లే పాస్ దొరుకుతూనే ఉంది. నన్ను ఇంకా ఆశ్చర్యపరిచిన అంకె మరొకటి: చివరిసారి జిమ్‌కు వచ్చిన రోజుకూ సభ్యత్వం రద్దు చేసుకున్న రోజుకూ మధ్య సగటున రెండు నెలలకు పైగా గడిచింది. మానేసిన తర్వాత కూడా కడుతూనే ఉన్నారన్నమాట.

మన దగ్గర జనవరి ఒకటిన కనిపించే ఆఫర్‌నే తీసుకోండి. నెలకైతే 1,500, ఏడాదికి ఒకేసారి కడితే 9,000 అనుకుందాం. కాగితం మీద సగానికి సగం తగ్గింపు. ఉత్సాహం సంక్రాంతి నుంచి ఏప్రిల్ ఎండల దాకా నిలిచిందనుకుంటే నాలుగు నెలలు. నెలనెలా కట్టి ఉంటే 6,000తో పోయేది. ఆరు నెలలు వెళ్తేనే రెండూ సమానమవుతాయి. ఆ పైన వెళ్లే ప్రతి నెలా లాభం. జిమ్ వాళ్లది మోసమేమీ కాదు, మన గురించి మనం వేసుకునే అంచనాదే ఇక్కడ పాత్రంతా. (2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్‌ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో పాత పన్నే ఉంటే అడగడంలో తప్పులేదు.)

దీనికి ఎదురువాదన ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. ‘ముందే డబ్బు కట్టాను కాబట్టే పొద్దున లేచి వెళ్తున్నాను’ అనేవాళ్లు నిజంగా ఉన్నారు. వాళ్ల విషయంలో ఆ 9,000 తమను తాము కట్టేసుకునే తాడు. అది పనిచేస్తోందా లేదా అన్నది గత ఏడాది హాజరు చూస్తే తెలిసిపోతుంది, వచ్చే ఏడాది సంకల్పం చూస్తే తెలియదు.

ఉచిత డెలివరీ సభ్యత్వాల్లో చిక్కు ఇంకోవైపు నుంచి వస్తుంది. అక్కడ వాడకం తగ్గదు, పెరుగుతుంది. నెలకు నాలుగు ఆర్డర్లు ఇచ్చే ఇల్లు సభ్యత్వం తీసుకున్నాక తొమ్మిది ఇస్తే, యాప్ ‘తొమ్మిది డెలివరీల మీద ఇంత ఆదా’ అని చూపిస్తుంది. నిజానికి ఆదా అయింది నాలుగింటి మీదే. మిగతా ఐదు కొత్త ఖర్చు.

ఏడాదికి కట్టడమా, నెలకు కట్టడమా

ఓటీటీల దగ్గర చిత్తూరు, తిరుపతి జిల్లాల ఇళ్లకు ఒక అదనపు బాధ ఉంది. సరిహద్దు ఊళ్లలో తెలుగు సినిమా ఎంత చూస్తారో తమిళమూ అంతే చూస్తారు. నాన్నకు క్రికెట్, అమ్మకు సీరియళ్లు, పిల్లలకు బొమ్మల సినిమాలు. తెలుగుకొకటి, తమిళానికొకటి, క్రికెట్‌కొకటి అని మొదలుపెడితే నాలుగైదు అవడం పెద్ద కష్టం కాదు.

అమెజాన్ ప్రైమ్ 2025లో నెలకు 299, ఏడాదికి 1,499 రూపాయలు. ఐదు నెలలు విడివిడిగా కడితే 1,495. కాబట్టి ఈ రెండింటిలోనే ఎంచుకోవాలంటే, ఏడాదిలో ఆరు నెలలు కావాలనుకునేవాళ్లకు వార్షికం, ఐదు లోపు చాలనుకునేవాళ్లకు నెలవారీ. ఇంత స్పష్టంగా గీత పడటం అరుదు. అయితే 2025 జూన్ 17 నుంచి ప్రైమ్ వీడియోలో ప్రకటనలు మొదలయ్యాయి. అవి వద్దంటే అదనంగా నెలకు 129 లేదా ఏడాదికి 699. పాత అనుభవమే కావాలంటే అప్పటి ధరల్లో 1,499 కాదు, 2,198. ధర పెరిగినట్టు ఎక్కడా కనిపించదు, కొన్న సరుకే మారిపోయింది.

క్రికెట్ కోసమే ఒక ఓటీటీ కట్టే ఇంట్లో ఐపీఎల్ నడిచే రెండు నెలలూ ముగిశాక ఆ చందా ఏం చేస్తోందన్నది సహజమైన ప్రశ్న. కొందరు వంతులవారీగా నడుపుతారు: ఒకటి ఆపి ఇంకోటి మొదలుపెట్టి, చూడాల్సినవన్నీ చూసేసి, మళ్లీ మారతారు. ఖర్చు తగ్గుతుంది. కాకపోతే ఆపడం, మొదలుపెట్టడం గుర్తుంచుకునే మనిషి ఇంట్లో ఒకరుండాలి. ఆ పని సాధారణంగా ఒకరి నెత్తినే పడుతుంది. ‘నెలకు రెండొందల కోసం ఇంత తంటా ఎందుకు’ అని ఆ మనిషే అంటే అది బద్ధకమని అనలేం. మతిలో ఉంచుకోవడానికీ ఖరీదు ఉంటుంది.

రీఛార్జ్‌తో పాటు ‘ఉచితం’గా వచ్చే ఓటీటీల లెక్క వేరు. ఓటీటీ ఉన్న ప్లాన్‌కూ లేని ప్లాన్‌కూ తేడా ఎంతో చూస్తే దాని అసలు ధర బయటపడుతుంది. ఈ లెక్క వేసేటప్పుడు 28 రోజుల సంగతి మరవకూడదు. 28 రోజుల ప్లాన్ ఏడాదికి 12 సార్లు కాదు, 13 సార్లు కట్టాలి. 30 రోజుల గడువుతో కనీసం ఒక ప్లాన్ అయినా ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022 జనవరిలో కంపెనీలను ఆదేశించింది. ఆ ప్లాన్ ఉంటుంది, జాబితాలో మాత్రం కాస్త కిందికి వెళ్లి వెతకాలి.

వాడకపోయినా దండగ కాని చందాలు

భరోసా రకం చందాల్లో ఎక్కువమంది తగువులాడుకునేది వాటర్ ప్యూరిఫయర్ ఏఎంసీ గురించి. మనిషి వచ్చి శుభ్రం చేసి పోవడం వరకే ఉండే ఏఎంసీ ఒకటి, ఫిల్టర్లు, మెంబ్రేన్ (నీళ్లలోని ఉప్పును వడకట్టే పొర) కూడా కలిపినది ఇంకొకటి. ఫోన్‌లో చెప్పేవాళ్లు రెండింటినీ ఒకే ఊపులో చెప్పేస్తారు.

అన్నీ కలిపిన ఏఎంసీ 4,200 అనుకుందాం. అది లేకపోతే ఏడాదికి రెండు విజిట్లు, ఒక్కోటి 400 చొప్పున 800. ఫిల్టర్లు 1,200. మెంబ్రేన్ 2,600, రెండేళ్లకోసారి మారిస్తే ఏడాది వాటా 1,300. మొత్తం 3,300. అంటే ఏఎంసీ తీసుకుంటే 900 ఎక్కువ. ఆ తొమ్మిది వందలు ‘పంపు పోయినా మోటారు పోయినా వాళ్లే చూసుకుంటారు’ అన్న నిశ్చింతకు కట్టే ధర.

తిరుపతిలో మున్సిపల్ కుళాయిలకు కల్యాణి డ్యామ్, తెలుగుగంగ నీళ్లు వస్తాయి. బోరు మీదా ట్యాంకర్ల మీదా నడిచే అపార్ట్‌మెంట్లు వేరు. గిన్నెల అడుగున తెల్లటి పొర కట్టే ఉప్పు నీళ్లయితే మెంబ్రేన్ ఏడాదికే పోవచ్చు. అప్పుడు ఏఎంసీ లేకుండా అయ్యేది 800, 1,200, 2,600 కలిపి 4,600. అదే మెషీన్, అదే ఏఎంసీ. ఒక ఇంట్లో 900 ఎక్కువ, పక్క వీధిలో 400 తక్కువ.

మద్దతు రకం మీద చెప్పడానికి పెద్దగా లేదు. పత్రిక నిలబడాలనో, సంఘం నడవాలనో కట్టే డబ్బు ఖర్చు పద్దులో కంటే దానాల పద్దులో ఉంటే చిక్కు వదులుతుంది.

ఆటోపే: ఆపడం అంటే ఏది ఆపడం?

యూపీఐ ఆటోపే 2020లో వచ్చింది. కార్డుల మీదా యూపీఐ మీదా తనంతట తానే డబ్బు కోసుకునే చెల్లింపులకు రిజర్వ్ బ్యాంకు నిబంధనలు 2021 అక్టోబరు 1 నుంచి పూర్తిగా అమలయ్యాయి. మొదటిసారి ఖాతాదారు పిన్‌తోనో ఓటీపీతోనో ఒప్పుకోవాలి. ఈ ఒప్పుదలనే మాండేట్ అంటారు. ఆ తర్వాత ప్రతిసారీ కనీసం 24 గంటల ముందు సందేశం రావాలి. 15,000 దాటితే ప్రతిసారీ మళ్లీ ధ్రువీకరణ కావాలి. బీమా ప్రీమియం, మ్యూచువల్ ఫండ్, క్రెడిట్ కార్డు బిల్లులకు ఆ పరిమితి లక్ష రూపాయలు.

నిబంధన బాగానే ఉంది, చిక్కంతా మాండేట్ తెర మీద ఉంటుంది. ‘ఒక్క రూపాయికే ట్రయల్’ అన్న యాప్‌లో పిన్ కొట్టేముందు వచ్చే తెరను ఒకసారి నిదానంగా చూడండి. పైన పెద్ద అక్షరాల్లో 1 రూపాయి. కింద సన్నగా ‘699 వరకు’, ‘నెలనెలా’, ముగింపు తేదీ చూస్తే ఇరవై ముప్పై ఏళ్ల తర్వాతది. మనం పిన్ కొట్టింది రూపాయికి కాదు, ఆ మూడు సన్న అక్షరాల మాటలకు. 24 గంటల ముందు వచ్చే సందేశం ఏమో లోన్ల ప్రకటనల మధ్య పడి ఉంటుంది. అసలు ఇంట్లో పెద్దవాళ్ల ఖాతాకు ముడిపడిన నంబరు, వాళ్ల చేతిలో ఉన్న ఫోన్ ఒకటి కాకపోతే అది కంటపడదు కూడా.

ఆపేటప్పుడు మూడు వేర్వేరు పనులను జనం ఒకటిగా అనుకుంటారు. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే మాండేట్ పోదు, డబ్బు పోతూనే ఉంటుంది. యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగానికి వెళ్లి మాండేట్ రద్దు చేస్తే డబ్బు పోవడం ఆగుతుంది, కానీ కంపెనీతో ఒప్పందం అలాగే ఉండొచ్చు. ఏడాది ప్లాన్‌ను నెలవాయిదాల్లో కట్టేలా ఒప్పుకున్నచోట ఇది ముఖ్యం. కంపెనీ దగ్గరే సభ్యత్వం రద్దు చేసుకోవడం మూడోది. అలా చేస్తే చాలా చోట్ల అప్పటికే కట్టిన గడువు తీరేదాకా సేవ నడుస్తుంది కాబట్టి చివరి రోజు దాకా ఆగనక్కర్లేదు.

చేరడం ఒక్క నొక్కుతో, వదిలించుకోవడం పది తెరల తర్వాత అన్నట్టు పెట్టే కంపెనీల మీద 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ప్రకటించింది. వినియోగదారులను దారితప్పించే 13 పద్ధతులను అందులో పేర్కొన్నారు, రద్దును కావాలని కష్టం చేయడం వాటిలో ఒకటి. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

తిరిగి చేరడానికి ఎంతవుతుంది

ఓటీటీ ఆపితే తిరిగి చేరడానికి ఐదు నిమిషాలు. కాబట్టి అనుమానంగా ఉన్నది ఆపి చూడటంలో పోయేదేమీ లేదు. పాత ఆఫర్ ధరకు చేరి ఉంటే మాత్రం, తిరిగి వచ్చేటప్పుడు ఆ ధర దొరక్కపోవచ్చు.

ఆరోగ్య బీమా దీనికి పూర్తిగా వ్యతిరేకం. గ్రేస్ గడువు (ఆలస్యంగా కట్టడానికి ఇచ్చే అదనపు రోజులు) కూడా దాటిపోయి పాలసీ ఆగిపోతే, కొత్తగా తీసుకున్నప్పుడు ముందునుంచే ఉన్న షుగర్, బీపీ లాంటివాటికి వెయిటింగ్ పీరియడ్ (వాటి చికిత్సకు బీమా వర్తించని కాలం) మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. 2024 నిబంధనల ప్రకారం అది మూడేళ్ల దాకా ఉండొచ్చు. ప్రీమియం భారమనిపిస్తే ఆపడానికి బదులు రెన్యువల్‌కు ముందే వేరే కంపెనీకి పోర్ట్ చేసుకునే దారి ఉంది, అప్పుడు గడిపిన కాలం లెక్కలోకి వస్తుంది. వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు. ఆటోపే జాబితాలో దుమ్ము దులిపే ఉత్సాహంలో బీమా ప్రీమియం, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే మొత్తం), లోన్ వాయిదా మాండేట్లు కూడా ఎగిరిపోవడం జరిగే పనే. జాబితాలో అవన్నీ ఒకే వరసలో, ఒకే రకం అక్షరాల్లో ఉంటాయి మరి.

రెండో సిమ్ ఈ రెంటికీ మధ్య ఉంటుంది. ‘నాన్నగారి పాత నంబరు ఎవరూ వాడట్లేదు, రీఛార్జ్ ఎందుకు’ అనుకుంటాం. 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే కంపెనీ ఆ నంబరును ఆపేయవచ్చు, తర్వాత అది ఇంకెవరికైనా వెళ్లొచ్చు. పెన్షన్ ఖాతా, ఆధార్ ఆ నంబరుకే ముడిపడి ఉంటే ఓటీపీలు కూడా అటే పోతాయి. అందుకని ఏళ్ల తరబడి రీఛార్జ్ చేసుకుంటూ పోయే ఇళ్లున్నాయి. 28 రోజులకు 200 చొప్పున ఏడాదికి 13 సార్లంటే 2,600. నంబరు మార్పుకు బ్యాంకులో ఒక ఫారం, ఆధార్ కేంద్రంలో 2025 అక్టోబరు నుంచి 75 రూపాయలు, పెద్దాయనను వెంటబెట్టుకుని తిరగడానికి ఒక పూట.